సీటు వెనక ట్యాంకు, డిక్కీలో పొయ్యి

ఏప్రిల్ 3, గురువారం

ఆమదాలవలస స్టేషను రోడ్డులో మసలే మనుషులకు, మేకలకు, మా ఆవిడకు, మరీ ముఖ్యంగా మా ఆవిడ తమ్ముడికి ఎల్లాజీ అనే నేను గంభీరంగా ఎరుకపరుస్తున్న సంగతులు ఇవి.

పెరట్లో ఉన్న నీలం ప్లాస్టిక్ కుర్చీ నాది. దాని వీపు మీద తడి తువ్వాలు ఆరేసే అధికారం లోకంలో ఎవరికీ లేదు.

ఉప్పు డబ్బా మూత ఉప్పు డబ్బాకే పెట్టవలెను. పసుపు డబ్బాకు పెట్టి నన్ను పిచ్చివాణ్ణి చేయరాదు.

మా కారులో పెట్రోలు వాసన వస్తోందని ఇకమీదట ఎవరూ అనరాదు. అన్నవాళ్ళకు ఆ పూట బజ్జీ లేదు.

ఇది పెరట్లో నిలబడి పైకి చదివాను. మేక ఒక్కటే చెవులు నిక్కించి విన్నది. మా ఆవిడ నారాయణమ్మ శనగపిండి జల్లిస్తూ, మొదటి రెండూ సరేగానీ మూడోది కొట్టేయమంది. నిన్న కారులో కూర్చుంటే తల తిరిగిందట. ఆడవాళ్ళ తలలు తిరగడానికి పెట్రోలే కావాలా? మా పెళ్ళిచూపుల్లో నన్ను చూసి కూడా తిరిగిందని వాళ్ళమ్మే చెప్పింది.

ఏప్రిల్ 4

కొత్త దుకాణం అందంగా ఉంది. ఇది రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే ఇంకెవరూ అనడం లేదు.

ఆవిడ బజ్జీల తోపుడు బండి ఇరుసు విరిగి మూలపడ్డాక, నెల రోజులు ఆ మనిషి సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియక గుమ్మంలో కూర్చుని రోడ్డు మీద వెళ్ళేవాళ్ళను లెక్కపెట్టింది. రైలు దిగినవాళ్ళు ఎదురుగా గోవింద్ బజ్జీల బండి దగ్గరికి వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చుంది. అది చూడలేక నేనే అన్నాను, బండెందుకు, మా మేనమామ వదిలేసిన పాత కారుంది కదా, డిక్కీ తలుపు పైకెత్తితే గొడుగు, కింద పొయ్యి, పక్కన సిలిండరు, రాణిలాగా బజ్జీలు వెయ్యి అని.

డిక్కీలో పొయ్యి పెట్టాలంటే అక్కడున్న ట్యాంకు తియ్యాలి. సాలూరు తీసుకెళ్ళాను. ఎర్రన్న అక్కడి లారీ షెడ్డులో ట్యాంకులు బిగిస్తాడు. పాత ట్యాంకు పీకి పారేసి, చిన్న లారీ ట్యాంకొకటి కోసి అతికించి వెనక సీటు వెనకాల పెట్టాడు. ట్యాంకు ఊపిరి తీసుకోవడానికి పైన జానెడు గొట్టం పెట్టి అక్కడే వదిలేశాడు. గొట్టం మూతి కారు లోపలికే ఉందేమిటని అడిగితే, లారీకి ఇలాగే గాలి గొట్టం వదిలేస్తామని, పుట్టినప్పట్నుంచి ఇదే పని అని నా మీద మండిపడ్డాడు.

సాలూరువాడికి బండంటే లారీ, నూనె అంటే డీజిలు. వాడి షెడ్డులో పెట్రోలు తాగేది వాడి స్కూటరొక్కటే. ఈ మాట అప్పుడు తోచలేదు. తోచినా అనేవాణ్ణి కాదు, టీ వాడే ఇప్పించాడు.

ఏప్రిల్ 5

వాసన లేదు.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి

పానకం తాగి జనం కారం కోసం చూస్తారు కదా, ఈ రోజు బాగా అమ్ముడవ్వాలి. మొదటి వాయి మిరపకాయ బజ్జీ తిన్న పెద్దాయన, చీపురుపల్లి నుంచి కూతురింటికి వచ్చాడట, సగం కొరికి, నమిలి, నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, ఇయ్యి నూనెలో ఏయించారా, బంకులో ఏయించారా?"

క్యూలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నవ్వుతూనే రోడ్డు దాటి గోవింద్ దగ్గరికి వెళ్ళారు. నారాయణమ్మ నవ్వలేదు. మిగిలిన బజ్జీలు మేకకు పెడితే అదీ మూతి తిప్పింది.

వాసన లేదని నేను మళ్ళీ చెప్పాను. మనుషులు మాటకు లొంగిపోతారు. ఒకడు అన్నాడు కాబట్టి అందరికీ వస్తోంది.

ఏప్రిల్ 9

సరే. కొంచెం ఉందే అనుకుందాం. అందరూ అంటున్నారు కాబట్టి.

వాసన గొట్టంలోంచి వస్తోంది. గొట్టం మూసేస్తే? పాత హవాయి చెప్పు మడమ కోసి బిరడా చెక్కాను. కొట్టి బిగించాను. ఇంత చిన్న పనికి ఇంతమంది ఇన్ని రోజులు నన్ను తిట్టారు.

ఏప్రిల్ 11, శుక్రవారం

బావమరిది దేవేంద్రను తీసుకుని చీపురుపల్లి సంతకు మిరపకాయలకు బయల్దేరాను. దారిలో కారు దగ్గి, ఊగి, ఆగిపోయింది. వెనక నుంచి డుబుక్కుమని చప్పుడు. చూద్దును కదా, ట్యాంకు బుగ్గలు లోపలికి పోయి ముసలమ్మ పుక్కిలిస్తున్నట్టు ఉంది. మూత తిప్పితే సూఁ అని గాలి లోపలికి లాక్కుంది. కారు వెంటనే స్టార్టయింది. మూత పెట్టి కొంత దూరం పోయేసరికి మళ్ళీ ఆగింది.

సంగతి నాకర్థమైంది. పెట్రోలు బయటికి పోతుంటే దాని చోటులోకి గాలి రావాలి. దారి నేనే మూశాను. అర్థమైన మాట దేవేంద్రకు చెప్పవచ్చు. కానీ వాడు కంగారుగా, "బావా, దీనికేటైంది?" అని అడిగాడు. అంత చక్కగా అడిగినవాడికి నిజం చెప్పడం పాపం.

కారు అలిగిందని చెప్పాను. మా మేనమామ దీన్ని కూతురులా చూసుకునేవాడని, డిక్కీలో పొయ్యి పెట్టినందుకు మనసు కష్టపెట్టుకుందని, ముందుకెళ్ళి హెడ్‌లైట్ల వంక చూస్తూ క్షమాపణ అడిగితే కదులుతుందని చెప్పాను. వాడు ముందు నిలబడి చేతులు జోడించాడు. నేను వెనక మూత తిప్పాను. స్టార్టయింది.

చీపురుపల్లి స్టేషను ఎదురుగా ఆగినప్పుడు వాడు చెప్పులు కూడా విప్పాడు. "తల్లీ, నాకేటీ తెలీదు, పొయ్యి మా అక్కది, పనంతా మా బావది" అని గట్టిగా చెప్పుకున్నాడు. చుట్టూ జనం. ఒక ముసలామె తనూ దణ్ణం పెట్టింది, దేనికో తెలియకుండానే. చాలా కాలానికి ఇంత బాగా నవ్వాను.

ఇంటికొచ్చి ఎర్రన్నకు ఫోను చేశాను. "ముక్కూ నోరూ మూసేసి పరిగెట్టమంటే నువ్వు పరిగెడతావేటి? బిరడా తియ్యి" అన్నాడు.

ఏప్రిల్ 12

తియ్యలేదు. మధ్యాహ్నం ఎండలో నిలబెడితే ట్యాంకు బుగ్గలు బయటికి వాచాయి, మూత తిప్పితే ఈసారి బుస్సుమని బయటికి ఊదింది, నాగుపాము లేచినట్టు. బండి నడిస్తే లోపలికి పీలుస్తుంది, ఎండకు కూర్చుంటే బయటికి వదులుతుంది. మా అత్తగారు టీవీ చూసి చేసే ప్రాణాయామం లాగే ఉంది. కాకపోతే అత్తగారు వాయలేదు.

బిరడా తీసేశాను. గొట్టం తెరిస్తే ఆవిడ గొడవ, మూస్తే కారు గొడవ.

ఏప్రిల్ 13, ఆదివారం

పరిష్కారం దొరికింది. గొట్టానికి పొడుగాటి రబ్బరు పైపు తగిలించి, కారు నేలకు రంధ్రం కొట్టి, కిందికి దింపేశాను. మూతి వెనక చక్రాల మధ్య, డిక్కీ కిందుగా వదిలాను. ఇంక కారు లోపల ఏ వాసనా లేదని నారాయణమ్మే ఒప్పుకుంది. లోపల కూర్చుని చాలాసేపు ముక్కుతో వెతికింది. దొరకలేదు. ఆవిడ నన్ను మెచ్చుకోలేదు గానీ, రాత్రి వేపుడులో జీడిపప్పు కనిపించింది.

ఏప్రిల్ 15, మంగళవారం

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి.

మధ్యాహ్నం ట్యాంకు నిండా పోయించాను. కారు తెచ్చి స్టేషను దగ్గర ఎండలో పెట్టాను. ఆకు కదలడం లేదు. సాయంత్రం ప్యాసింజరు వచ్చే వేళైంది. గేటు పడింది. నారాయణమ్మ డిక్కీ తలుపెత్తి, మూకుడు పెట్టి, నూనె పోసి, లైటరు చేతిలోకి తీసుకుంది. నేను పక్కన పిండి బకెట్ పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు నా ముక్కుకు తగిలింది. ఘాటుగా, ఇంగువ కాలినట్టు, అందులో కొంచెం మల్లెపూలు కలిసినట్టు, చేపల బుట్ట కడిగిన నీళ్ళలా కూడా, గుప్పున. ఒళ్ళు జలదరించింది. వెంటనే అరిచాను.

"ఆగే, పెట్రోలు. ఎలిగించకు."

ఆవిడ తల కూడా తిప్పలేదు. "మున్సిపాలిటీ ఇనస్పెట్రు బజ్జీలు కొలుత్తాడని సెప్పి నాసేత స్కేలెట్టి ఏయించినోడివి నువ్వే కాదేటి? తప్పుకో, రైలొస్తన్నాది."

లైటరు పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నేను బకెట్ ఎత్తి ఉన్న పిండంతా పొయ్యి మీద కుమ్మరించాను. పొయ్యి మీద, మూకుట్లో, ఆవిడ చేతి మీద, లైటరు మీద, చీర మీద. అంతా పసుప్పచ్చగా కారింది. రోడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. దేవేంద్ర నవ్వుతూ నవ్వుతూ కిందపడ్డ గరిటె తియ్యడానికి కారు కిందికి వంగాడు.

వాడి నవ్వు ఆగిపోయింది. వాడు మొదట సిలిండరు కట్టేశాడు. తర్వాత అక్కను రెక్క పట్టుకుని రోడ్డు అవతలికి లాక్కుపోయాడు. ఆ తర్వాతే మాట వచ్చింది.

"అక్కా, కిందంతా పెట్రోలే."

ఎండకు ఉబ్బిన పెట్రోలు పైపులోంచి చుక్కలు చుక్కలుగా కారి సరిగ్గా పొయ్యి కింద మడుగు కట్టింది. ఆ మడుగు మీద లేచిన ఆవిరి గాలి లేక అక్కడే కూర్చుంది. దేవేంద్ర ఇసుక పోశాడు. గోవింద్ కూడా తన పొయ్యి ఆర్పేసి వచ్చి ఇసుక పోశాడు.

నారాయణమ్మ రోడ్డు పక్కన కూలబడింది. పిండి చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంకే చూసింది. రైలు వచ్చింది, జనం దిగారు, వెళ్ళిపోయారు. అప్పుడు నా వంక చూసి, "నీకు తెలిసిపోనాది" అంది.

అవును. నాకు తెలిసిపోయింది. నా ముక్కు అలాంటిది.

ఏప్రిల్ 17

ఊళ్ళో నాకు మర్యాద పెరిగింది. నిన్నటివరకు నన్ను చూస్తే చెప్పులు దాచుకునే ఆటోవాళ్ళు ఇప్పుడు ఆటోలు తెచ్చి ముందు పెడుతున్నారు, ఎక్కడైనా కారుతోందేమో వాసన చూడమని. కళ్ళు మూసుకుని, గాలి గట్టిగా పీల్చి, ఎడమ వైపు అని చెప్పాను. నిజంగానే ఎడమ వైపు తడిగా ఉంది. కళ్ళు పూర్తిగా మూసుకోలేదు లెండి.

పక్కింటి కూర్మమ్మ గారు పాల గిన్నె పట్టుకొచ్చి విరిగాయా అని అడిగింది. విరగలేదన్నాను. సాయంత్రం వాళ్ళింట్లో ఎవరికో కడుపులో గడబిడ అని విన్నాను. ఎండాకాలం కదా.

పైపు మూతిని డిక్కీ కింద నుంచి పక్కకు, ఎడమ చక్రం వైపుకు తిప్పి కట్టాను. ట్యాంకు నిండా పోయించడం మానేశాను. ఇది చాలు.

ఏప్రిల్ 18

నారాయణమ్మ మళ్ళీ దుకాణం పెట్టింది. లైటరు తీసుకుని, నా వంక చూసి, "ఒకసారి సూడు" అంది. నేను వంగి, కారు కింద ముక్కు పెట్టి, రోడ్డు అవతలికి వినబడేలా పీల్చి, "ఎలిగించు" అన్నాను. వెలిగించింది.

కారు కింద తను చూడలేదు. నా వంక చూసి వెలిగించింది. మా కాపురంలో నా నోటి మాట మీద ఆవిడ చేసిన మొదటి పని ఇది. అదీ నిప్పుతో పని.

ఏప్రిల్ 19

ఎలిగించు అన్నాను. ఏమీ కాలేదు.

ఏప్రిల్ 20

ఈ రోజు కూడా ఏమీ కాలేదు.

ఏప్రిల్ 21

ఏమీ కాలేదు. బజ్జీలు చాలా రుచిగా ఉన్నాయని అందరూ అన్నారు. నేను తినలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

నేను కారు కింద పీల్చి, లేచి, ఎలిగించు అన్నాను. వెనక నుంచి దేవేంద్ర, "బావా, కంపు కొడతన్నాది కదా" అన్నాడు.

నారాయణమ్మ వాడి మీద గయ్యిమంది. "మీ బావ లేదంటే లేదు. నీ ముక్కుకేటి తెలుసురా?" అని లైటరు ఎత్తింది.

నేను లైటరు లాక్కున్నాను. గాలి ఇప్పుడే మారింది, ఇప్పుడు నాకూ వస్తోంది అన్నాను. చూస్తే పైపు కట్టిన తాడు జారి మూతి మళ్ళీ డిక్కీ కిందికే వచ్చి కూర్చుంది. దుకాణం మూసేశాం. దారి పొడుగునా ఆవిడ నన్ను మెచ్చుకుంటూనే ఉంది, గాలి మారిన సంగతి కూడా పట్టేశానని. ఇంటికొచ్చాక కూడా లైటరు నా జేబులోనే ఉంచుకున్నాను.

ఏప్రిల్ 23

పొద్దున్నే ఆవిడకు చెప్పాను. నా ముక్కును నమ్మకు, నా మాట విని వెలిగించకు అని. ఎగతాళి లేకుండా చెప్పాను. అలా చెప్పడం అలవాటు లేక మధ్యలో నవ్వొచ్చింది.

"సాల్లే. పొగిడితే సిగ్గుపడతన్నాడు సూడు" అంది. మళ్ళీ చెప్పాను. ఇది కొత్త రకం వేళాకోళమేటి అని అడిగింది. ఒట్టు వేశాను. ఏ ఒట్టూ లేకుండా నేనెప్పుడు అబద్ధం చెప్పానని ఎదురడిగింది.

మాటతో లాభం లేదు. ఇనుముతోనే చెయ్యాలి. సాలూరు పోతాను.

ఏప్రిల్ 25, శుక్రవారం, సాలూరు

ఎర్రన్నతో రోజంతా తగువు. ట్యాంకు కారు బయటికి పోవాలన్నాను. లారీలో ఇలాగే పెడతామని వాడన్నాడు. ఇది లారీ కాదురా, ఇందులో పోసేది డీజిలు కాదురా అని అరిచాను. వాడు కాసేపు కారు వంక, కాసేపు నా వంక చూసి, "అది ముందు సెప్పాలి కదేటి" అన్నాడు. ముందు చెప్పలేదట. కారు పక్కన పెట్రోలు బంకు బిల్లు పెట్టి పూజ చేసి మరీ చెప్పాలి కాబోలు.

షెడ్డు వెనక పాత సామాను కొట్టులో ముక్కు పచ్చడైన కొత్త రకం పెట్రోలు కారొకటి ఉంది. దాని ట్యాంకు ఎలా ఊపిరి తీసుకుంటుందో చూద్దామని ఇద్దరం కిందికి దూరాం. గొట్టం పట్టుకుని వేలితో పోతే, అది కారు లోపలికీ రాలేదు, కిందికీ దిగలేదు. ముందుకు పోయి ఒక నల్ల డబ్బాలో దూరింది. డబ్బాలోంచి ఇంకో గొట్టం ఇంజనులోకి పోయింది. అలాంటిదే ఇంకో పగిలిన డబ్బా పక్కన పడుంటే విప్పాం. లోపలంతా బొగ్గు.

ఎర్రన్న ఒక పలుకు చేతిలోకి తీసుకుని భయంగా చూశాడు. "కార్లో బొగ్గేటి? ఇదేటి, రైలింజనా?"

మధ్యాహ్నం దాకా దాని మీద వాదించుకున్నాం. దిష్టికి పెట్టారని వాడు, బరువుకు పెట్టారని నేను. చివరికి కొట్టువాడు తన ఫోనులో చూసి విసుక్కుంటూ చెప్పాడు. ట్యాంకు వదిలే పెట్రోలు ఆవిరిని బొగ్గు పట్టి ఉంచుతుందట. బండి నడిచినప్పుడు ఇంజను దాన్ని లాక్కుని తాగేస్తుందట. ఆవిరి రోడ్డు మీదికి రాదు. అంటే ట్యాంకు ఊపిరి వదులుతుంది, బొగ్గు పట్టుకుంటుంది, ఇంజను మింగుతుంది. ఎవరి పని వాళ్ళది. మా ఇంట్లో ఇలాంటి ఏర్పాటు ఎప్పుడూ చూడలేదు.

ఏప్రిల్ 26

ఆ నల్ల డబ్బా తెచ్చి ముందు బిగించాం. ట్యాంకు కారు అడుగుకు, బయటికి పోయింది. సీటు వెనక రేకు కొట్టి సందు లేకుండా మూశాం. గొట్టం పైకి లేచి, ఎత్తున ఒక మెలిక తిరిగి, ముందుకు పోయింది, కుదుపుకు పెట్రోలు అందులోకి ఎక్కకుండా. తిరిగొస్తుంటే చీపురుపల్లి దాటినా కారు అలగలేదు. నాతో సాలూరు వచ్చిన దేవేంద్ర అలవాటు కొద్దీ స్టేషను ఎదురుగా దణ్ణం పెట్టాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

పొయ్యి డిక్కీలోంచి తీసేశాను. ఇనప బల్ల చేయించి రోడ్డు మలుపు దగ్గర పెట్టాను. కారు ఇవతల, బల్ల అవతల, మధ్యలో గోవింద్ బండి పట్టేంత జాగా. ఎంత డబ్బా పెట్టినా నిప్పు నిప్పే, పెట్రోలు పెట్రోలే.

నారాయణమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. మరి డిక్కీలో దుకాణమని ట్యాంకు పీకిందెందుకు, సాలూరు తిరిగిందెందుకు, ఇదంతా ఎందుకు అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. డిక్కీలో ఇప్పుడు ఉల్లిపాయలు ఉంటున్నాయి. వాటికి నీడగా ఉంటుందని చెప్పాను.

అయినా లైటరు తీసుకుని నా వంకే చూసింది. "ఒకసారి సూడు."

ఏప్రిల్ 28

ఆలోచించాను. ఆవిడ నిజాన్ని నమ్మదు. కాబట్టి నా పాత విద్యే వాడాలి.

పొద్దున్న దేవేంద్రను తలంటుకుని రమ్మన్నాను. నిమ్మకాయ కోసి వాడి ముక్కు దూలానికి అటూ ఇటూ రాశాను. కుంకుమ పెట్టాను. నా ముక్కు శక్తి మా వంశంలో ఒకరి నుంచి ఒకరికి పోతుందని, ఇచ్చేస్తే నాకు ఒక్క చుక్క కూడా మిగలదని, బావమరిదికి ఇవ్వడమే శాస్త్రమని చెప్పాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిమ్మరసానికి కూడా కావచ్చు.

"ఇంక నీకు తెలీదేటి బావా?"

"నాకేటీ తెలీదురా. అంతా నీదే. మీ అక్క నిన్నడిగాకే ఎలిగించాలి."

నారాయణమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది. నవ్వలేదు. సాయంత్రం బల్ల దగ్గర లైటరు తీసుకుని మొదట నా వంక చూసింది. నేను ఆకాశం వంక చూశాను. ఆవిడ తమ్ముడి వైపు తిరిగింది. వాడు బల్ల చుట్టూ, సిలిండరు చుట్టూ, తర్వాత పోయి కారు చుట్టూ, కింద కూడా, పోలీసు కుక్కలాగా తిరిగి వచ్చాడు.

"ఏటీ లేదక్కా. ఉల్లిపాయలు."

వెలిగించింది. ఈ రోజు నేను బజ్జీలు తిన్నాను.

మే 1, గురువారం

దుకాణం బాగా నడుస్తోంది. గోవింద్ తన బండి కొంచెం ఇటు జరిపాడు, మా క్యూలో మిగిలినవాళ్ళు తనకు వస్తారని. దేవేంద్రను ఆటోవాళ్ళు పిలిచి టీ ఇస్తున్నారు. వాడు గర్వంగా తాగుతున్నాడు. వాడి ముక్కు నిజంగానే మంచిది.

ఇది నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఏప్రిల్ పదిహేను నాటి రాతలో ఒకటి దిద్దాలి. ఇంగువ, మల్లెపూలు, చేపల బుట్ట, గుప్పున తగలడం, ఒళ్ళు జలదరించడం, అదంతా నేను కూర్చుని కల్పించిందే. రెండేళ్ళ కిందటి జ్వరం తర్వాత నాకు ఏ వాసనా తెలియదు. పెట్రోలు వాసన ఎలా ఉంటుందో కూడా మరిచిపోయాను. ఆ సాయంత్రం కారు కింద ఏముందో నాకు తెలియదు. ఆవిడ ఉలిక్కిపడితే చూసి నవ్వుకుందామని అరిచాను. ఉలిక్కిపడలేదు. కనీసం తల తిప్పలేదు. అది భరించలేక బకెట్ ఎత్తాను.

అసలు మొదట తేలు, తేలు అని అరుద్దామనుకున్నాను. తేలు అబద్ధం ఆదివారమే ఆవిడ మీద వాడేశాను. అందుకని పెట్రోలు అన్నాను.